మధ్యాహ్నం వేసిన సూదులు

సూదమ్మ వీధి మలుపు తిరిగిందంటే చాలు, ఆడుకుంటున్న పిల్లలు భుజం పట్టుకొని తలో గుమ్మంలోకి దూరేవాళ్ళు. ఆమె నవ్వుకుంటూ పోయేది. పిల్లలు భయపడితే ఆమెకి కోపం రాదు. తల్లులు భయపడితేనే వస్తుంది.

అది ఆమె అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ పేట ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేస్తున్న నర్సుకి జనం పెట్టుకున్న పేరు. ఒకప్పుడు ఆమె చేతి సూది తిని ఏడ్చినవాళ్ళే ఇప్పుడు తమ పిల్లల్ని ఎత్తుకొచ్చి, "చిన్నగా వెయ్యి సూదమ్మా, నాకు వేసినట్టు వెయ్యకు" అంటారు. "నీకు వేసినట్టే వేస్తాను. నువ్వు బానే ఉన్నావుగా" అంటుంది. చెయ్యి తేలిక, మాట బరువు అని పేటంతా అనుకునేది. పని మీద ఆమెకి ఎంత ధీమా అంటే, పైనుంచి తనిఖీకి వస్తున్నారని తెలిస్తే మిగతావాళ్ళు హడావిడిగా బల్లలు తుడుచుకునేవాళ్ళు, ఆమె మాత్రం తాపీగా టీ తాగేది.

ఆమెకొక అలవాటు ఉంది. పిల్లల పేరు, పుట్టిన తేదీ, సీసా మీది నంబరు అందరూ రాసేవే. వాటి పక్కన మార్జిన్లో ఆమె సూది వేసిన టైము కూడా రాసేది. చాలా ఏళ్ళ కిందట ఒకావిడ, నన్ను మూడు గంటలు కూర్చోబెట్టింది అని పైకి ఫిర్యాదు పెట్టింది. పట్టుమని ఇరవై నిమిషాలు కూడా కాలేదని చెప్పడానికి ఆధారం లేక సూదమ్మ నోరు మూసుకోవాల్సి వచ్చింది. ఆ మర్నాటి నుంచి గడియారం చూడకుండా ఒక్క సూదీ వెయ్యలేదు. కేంద్రంలో పెద్ద డాక్టరు ఆ మార్జిన్ చూసినప్పుడల్లా వేళాకోళం చేసేవాడు.

"ఇది టీకాల రిజిస్టరా సిస్టర్, రైల్వే టైమ్‌టేబులా?"

"రైళ్ళు లేటవుతాయి సార్. నేనవను."

ఆ ఏడు చలికాలం పోతూ పోతూ తట్టుని తెచ్చిపెట్టింది. మొదట కూరగాయల మార్కెట్టు వెనక వీధిలో ఇద్దరికి. జ్వరం, దగ్గు, ఎర్రబడ్డ కళ్ళు, నాలుగో రోజుకి చెవుల వెనక మొదలై ముఖం మీదుగా ఒళ్ళంతా పాకే దద్దుర్లు. తట్టు ఒకరి దగ్గర ఆగే రోగం కాదు. సోకిన పిల్ల దగ్గి వెళ్ళిపోయిన గదిలోకి గంట తరవాత అడుగుపెట్టినా అంటుకుంటుంది. మూడు వారాలు తిరిగేసరికి నలభై ఒక్కమంది పిల్లలు మంచాన పడ్డారు.

వాళ్ళలో టైలరమ్మ కూతురు ఒకతి. రెండేళ్ళు నిండి మూడు నెలలైన పిల్ల. దద్దుర్లు తగ్గుతున్నాయి అనుకుంటుండగా ఊపిరి ఆడక పెద్దాసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. సూదమ్మ చూడటానికి వెళ్ళేసరికి టైలరమ్మ మంచం పక్క స్టూలు మీద కూర్చొని ఉంది. మెళ్ళో కొలత టేపు అలాగే ఉంది. కుట్టు మిషను మీంచి లేచి నేరుగా వచ్చినట్టుంది, తీసి పక్కన పెట్టే ధ్యాస కూడా లేదు.

"రెండు సూదులూ వేయించాను కదక్కా" అంది టైలరమ్మ. సంచిలోంచి టీకాల కార్డు తీసి చేతిలో పెట్టింది. "తొమ్మిదో నెలలో ఒకటి, ఏడాదిన్నరకి ఒకటి. చూడు."

"చూశాను. రెండు సంతకాలూ నావే."

"మరి ఇదేంటి?"

సూదమ్మ దగ్గర జవాబుంది. ఎంత మంచి టీకా అయినా వందలో కొందరికి పట్టదు, అందుకే రెండుసార్లు వేస్తారు అని ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నదే. ఆ మాట నోటి దాకా వచ్చింది. కానీ ఆ వార్డులోకి వస్తూ దారిలో ఇంకో నాలుగు మంచాల దగ్గర ఆగింది. అక్కడ కూడా నలుగురు తల్లులు నాలుగు కార్డులు చూపించారు. అన్నింటి మీదా తన సంతకమే. వందలో కొందరు ఒకే వార్డులో వరసగా పడుకోరు.

"తెలీదు" అంది. "తెలుసుకొని చెబుతాను."

*

పైనుంచి ఒక డాక్టరమ్మని పంపారు. ముప్పై ఏళ్ళు కూడా లేవు. రోగాలకి మందిచ్చే డాక్టరు కాదు, రోగం ఎక్కడ పుట్టింది, ఎలా పాకింది అని లెక్కలు తీసే డాక్టరు. వచ్చిన మొదటి రెండు రోజులూ ఎవరితోనూ కబుర్లు పెట్టుకోకుండా, జబ్బు పడ్డ ప్రతి పిల్ల ఇంటికీ నడిచి వెళ్ళింది. మూడో రోజు పొద్దున పెద్ద డాక్టరు గదిలో ముగ్గురూ కూర్చున్నారు.

"నలభై ఒక్కమందిలో పదిహేను మందికి టీకా లేదు. అది అర్థమవుతుంది" అంది డాక్టరమ్మ. "మిగతా ఇరవై ఆరుమందికి కార్డులున్నాయి. కార్డు మీద ముద్రలున్నాయి. పిల్లలకి మాత్రం తట్టు వచ్చింది." ఆ తరవాతి మాట మొహమాటం లేకుండా అనేసింది. "సూది వెయ్యకుండా కార్డు నింపడం నేను కొన్నిచోట్ల చూశాను."

పెద్ద డాక్టరు గొంతు సవరించుకున్నాడు. సూదమ్మ కదల్లేదు.

"నేను వెయ్యని సూది రాయను మేడమ్. రాసిన ప్రతి సూదికీ ఒక ఏడుపు ఉంది. పేటలో ఎవర్ని అడిగినా చెబుతారు."

"మిమ్మల్ని అనట్లేదు సిస్టర్."

"ఇక్కడ సూదులు వేసేది నేనొక్కదాన్నే. నన్ను కాకపోతే గోడనా?"

పెద్ద డాక్టరు మధ్యలో దూరాడు. మంచివాడే, కాకపోతే గొడవ ఎలా ముగుస్తుందా అని తప్ప ఎలా మొదలైందా అని ఆలోచించే రకం కాదు. "చూడండి డాక్టర్, ఆ ఇరవై ఆరుమంది తల్లులూ ఎవరు? బట్టలు కుట్టే ఆమె, మార్కెట్లో కూర్చునే ఆమె, మిల్లులో పనిచేసేవాళ్ళు, బడి ఊడ్చే ఆమె. పనులకి పోయేవాళ్ళు. టైముకి తీసుకొస్తారా వీళ్ళు? కార్డు ఏదో పోయుంటుంది, పక్కింటి కార్డు చూపిస్తుంటారు."

"తీసుకొస్తారు సార్" అంది సూదమ్మ. ఈసారి గొంతు కాస్త పెరిగింది. "ఇంట్లో ఉండేవాళ్ళకన్నా వాళ్ళే ఖచ్చితంగా తీసుకొస్తారు. భోజనం బెల్లు కొట్టగానే అన్నం మానుకొని పిల్లని చంకనేసుకొని పరిగెత్తుకొస్తారు. నేను చూడట్లేదా?"

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "భోజనం బెల్లు ఎన్నింటికి?"

"పన్నెండున్నరకి."

"అంటే వీళ్ళందరికీ సూది పన్నెండున్నర తరవాత పడిందా?"

"నన్నెందుకు అడగడం? రాసే ఉందిగా" అంటూ సూదమ్మ లేచి బీరువా తెరిచింది.

ఆ పూటంతా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఒకరు పేరు చదివితే ఇంకొకరు మార్జిన్లో టైము చదివారు. మొదటి పది పేర్లకే డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. లెక్క తేలేసరికి టీలు చల్లారి మీగడ కట్టాయి. ఇరవై ఆరుమందిలో ఇరవై ముగ్గురికి పన్నెండు దాటాకే సూది పడింది. అదే సీసాలోంచి, అదే రోజు, పొద్దున పదింటికి సూది వేయించుకున్న పిల్లలు తట్టు ఉన్న ఇళ్ళ పక్కనే ఉండి కూడా హాయిగా ఆడుకుంటున్నారు.

"మధ్యాహ్నం సూదులు ఎవరు వేస్తారు?" అని అడిగింది డాక్టరమ్మ, జవాబు తెలిసీ.

"నేనే."

డాక్టరమ్మ రిజిస్టరు మూసి, రెండు చేతులూ దాని మీద పెట్టింది. "సిస్టర్, పొద్దున నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇలాంటి రిజిస్టరు నేను ఎక్కడా చూడలేదు."

మామూలుగా అయితే ఆ మాటకి సూదమ్మ వారం రోజులు పొంగిపోయేది. ఆ పూట అది చెవికెక్కలేదు. మధ్యాహ్నాలకి ఏమొచ్చిందా అని ఆమె మనసు వేరే గదిలో తిరుగుతోంది.

*

టీకాలు వేసే గది రెండేళ్ళ కిందట మారింది. పాత గది పైకప్పు కారుతోందని, మార్కెట్టు వైపు ఉన్న చిన్న గదిలోకి సర్దుకోమన్నారు. ఇరుకు గది. బల్ల వేస్తే నడవడానికి దారి ఉండదు. అందుకని మందు సీసాలుండే ఐసుపెట్టెని కిటికీ గట్టు మీద పెట్టడం మొదలుపెట్టింది. ఆ చోటు ఎంచుకున్నది కూడా ఆమే. ఏభై దాటిన కళ్ళు, సిరంజి మీద గీతలు సరిగ్గా కనపడాలంటే వెలుగు కావాలి. కిటికీ దగ్గర వెలుగు బాగుందని సంతోషపడింది కూడా.

తట్టు టీకా పొడి రూపంలో వస్తుంది. నీళ్ళ మందు కలిపి సిరంజిలోకి తీస్తారు. ఒక సీసా పదిమందికి. కలిపాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, చల్లగా ఉంచాలి, మిగిలితే పారబొయ్యాలి. ఆమె పొద్దున తొమ్మిదిన్నరకి కలిపేది, ఒంటిగంటన్నరకి మూసేసేది. గడియారం ప్రకారం ఏనాడూ నిమిషం దాటలేదు. కలిపిన సీసాని ఐసుపెట్టె మూతి దగ్గరుండే స్పాంజి రంధ్రంలో గుచ్చి ఉంచేది. పుస్తకంలో చెప్పిన పద్ధతే.

మర్నాడు టీకాల రోజు కాదు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆమె ఒక్కతే తాళం తీసుకొని ఆ గదిలోకి వెళ్ళింది. గదంతా నీడగా, చల్లగా ఉంది. కిటికీ గట్టు మీద మాత్రం ఎండ పలకలా పరుచుకొని ఉంది. రెండేళ్ళుగా ఆ కిటికీకి వీపు పెట్టి, తల్లుల వైపు తిరిగి కూర్చుందామె. వెనక ఎండ ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో చూసుకోలేదు. దగ్గరికెళ్ళి గట్టు మీద అరచెయ్యి పెట్టింది. అంతలోనే తీసేసింది.

అక్కడే బల్ల మీద కూర్చుండిపోయింది. పేర్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మార్కెట్టామె కవల పిల్లలు. బడి ఊడ్చే ఆమె కొడుకు. అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా వచ్చిన మిల్లు తల్లులు. "సమయానికి తీసుకొచ్చావమ్మా" అని ఆమె మెచ్చుకున్నవాళ్ళు. ఏడవలేదు. ఏడుపు వచ్చే లోపే ఇంకో ఆలోచన వచ్చింది. చెయ్యి కాలిందని చెబితే సరిపోదు, ఎంత కాలిందో చెప్పాలి.

ఆరు రోజులు వరసగా, ఐసుపెట్టెని ఎప్పటిలాగే గట్టు మీద పెట్టి, స్పాంజిలో ఉత్త నీళ్ళు నింపిన సీసా గుచ్చి, దాంట్లో సన్నటి థర్మామీటరు ఉంచి అరగంటకోసారి రాసుకుంది. తొమ్మిదిన్నరకి ఆరు డిగ్రీలు. పదకొండుకి తొమ్మిది. పన్నెండుకి ఎండ గట్టు మీదికి వచ్చేది. పన్నెండున్నరకి ఇరవై ఎనిమిది. ఒంటిగంటకి ముప్పై ఆరు. అడుగున ఐసు ఉన్నా పైనున్న సీసా ఎండలో ఉడుకుతోంది. మందు రంగు మారదు, వాసన రాదు, చూడ్డానికి తేడా తెలీదు. లోపల మాత్రం ప్రాణం పోయుంటుంది.

ఆ కాగితం ముందు ఇంట్లో మొగుడికి చూపించింది. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. సాయంత్రం వరండాలో కూర్చొని కాగితాన్ని టిక్కెట్టు పరీక్షించినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నువ్వు చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తుందా?"

"టైము సంగతి డాక్టరమ్మకి తెలుసు. ఎండ సంగతి నాకే తెలుసు."

"రిటైర్మెంటు ఇంకా నాలుగేళ్ళుంది కదే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నీ అంతట నువ్వే పోయి..."

"తడుముకోవడం ఏంటండీ. కాయ నా భుజం మీదే ఉంది."

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. కాసేపటికి కాగితం మడిచి ఆమె చేతికిచ్చాడు. "ఇరవై ఎనిమిదేళ్ళు బస్సులో 'ముందుకి జరగండి, ముందుకి జరగండి' అని గొంతు చించుకున్నానే. ఒక్కడూ జరగలేదు. నువ్వు రమ్మంటే అన్నం మానేసి వస్తున్నారు. అలాంటి నోరు అబద్ధానికి వాడకు. పోయి చెప్పు."

*

డాక్టరమ్మ కాగితం చదివి, ఆ గదికి వెళ్ళి తనూ గట్టు మీద చెయ్యి పెట్టి చూసింది. తిరిగొచ్చి, "ఇది కారణం అయ్యుండొచ్చు. అయ్యుండొచ్చు అంటే చాలదు" అంది. "పిల్లల రక్తం చూడాలి. టీకా పట్టిన పిల్ల రక్తంలో తట్టుని ఎదిరించే శక్తి కనిపిస్తుంది. పట్టకపోతే కనిపించదు. ఇంకా తట్టు రాని పిల్లల్లో, పదకొండు లోపు సూది పడ్డవాళ్ళు ముప్పైమంది, పన్నెండు తరవాత పడ్డవాళ్ళు ముప్పైమంది కావాలి. తల్లులు ఒప్పుకుంటారా?"

"అడిగే పద్ధతిలో అడిగితే ఎందుకు ఒప్పుకోరు?"

నాలుగు రోజుల్లో అరవైమంది తల్లులతో మాట్లాడింది. ఎందుకో దాచకుండా చెప్పింది. రక్తం కూడా ఆమే తీసింది, పాలుతాగే వయసు పిల్లల సన్నటి నరం ఒక్క గుచ్చుకే దొరకబుచ్చుకోవడం అందరికీ చేతకాదు. రక్తం గొట్టాల మీద పేర్లు వద్దు, నంబర్లే ఉండాలంది డాక్టరమ్మ. ఏది పొద్దున పిల్లదో, ఏది మధ్యాహ్నం పిల్లదో పరీక్ష చేసేవాళ్ళకి తెలియకూడదు. తెలిస్తే కళ్ళు అనుకున్నదే చూస్తాయి.

"మీకు మీ కళ్ళ మీద కూడా నమ్మకం లేదా మేడమ్?"

"నా కళ్ళ మీదే అస్సలు లేదు సిస్టర్. మొదటి రోజు మీ గురించి ఏమనుకున్నానో మర్చిపోయారా?"

పది రోజులకి ఫలితాలొచ్చాయి. పొద్దున ముప్పైమందిలో ఇరవై ఏడుగురికి రక్షణ ఉంది. మధ్యాహ్నం ముప్పైమందిలో ఎనిమిదిమందికే ఉంది.

సూదమ్మ ఆ రెండు అంకెలూ చాలాసేపు చూసింది. తరవాత రిజిస్టరు ముందేసుకొని రెండేళ్ళలో పన్నెండు దాటాక తట్టు సూది వేయించుకున్న ప్రతి పిల్ల పేరూ తెల్ల కాగితాల మీదికి ఎక్కించింది. ఇప్పటికే తట్టు వచ్చిపోయినవాళ్ళని తీసేస్తే రెండు వందల పన్నెండుమంది.

పెద్ద డాక్టరు ఆ జాబితా చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే, అందరికీ మళ్ళీ వేద్దాం. ప్రత్యేక టీకాల వారం అని ఒక బోర్డు పెడదాం. కారణం చెప్పక్కర్లేదు. ఎండలో పెట్టామని బయటికి పొక్కితే రేపు ఎవరైనా మన గుమ్మం తొక్కుతారా?"

"బోర్డు చూసి ఎవరూ రారు సార్" అంది సూదమ్మ. "వీళ్ళందరి కార్డులూ నిండిపోయున్నాయి. మాకు అయిపోయాయి అనుకుంటారు. రావాలంటే, మీ సూది పనిచెయ్యలేదు అని చెప్పాలి. ఎందుకు పనిచెయ్యలేదని అడుగుతారు. అడిగితే చెప్పాలి."

"ఎవరు చెబుతారు?"

"వేసినదాన్ని నేనేగా."

డాక్టరమ్మ కుర్చీని సూదమ్మ వైపుకి జరుపుకొని కూర్చుంది. పెద్ద డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చివరికి కాగితం మీద సంతకం పెట్టాడు. సంతకం పెట్టాక ఒక మాటన్నాడు, అది ఆయనకి తగిన మాటే. "ఎవరైనా గొడవకొస్తే నా దగ్గరికి పంపండి. ఆ గది మీకిచ్చింది నేను."

*

మొదట టైలరమ్మ దుకాణానికి వెళ్ళింది. జాబితాలో ఆ పిల్ల లేదు, జబ్బు అప్పటికే వచ్చిపోయింది. అయినా తెలుసుకొని చెబుతానని మాటిచ్చింది ఆమెకే. పిల్ల ఇంటికొచ్చి వారమైంది, గుడ్డపీలికల మధ్య కూర్చొని ఆడుకుంటోంది. ఊపిరి కుదుటపడింది. కుడి చెవి మాత్రం చీము పట్టి, సరిగ్గా వినపడటం లేదు. ఎడమ వైపు నుంచి పిలిస్తేనే తిరుగుతోంది.

సూదమ్మ నిలబడే అంతా చెప్పింది. కిటికీ, ఎండ, ముప్పై ఆరు డిగ్రీలు, ఎనిమిదిమంది. టైలరమ్మ మిషను ఆపలేదు. చెప్పడం పూర్తయ్యాక కూడా రెండు నిమిషాలు కుట్టింది. దారం తెంపి అప్పుడు తలెత్తింది.

"నిన్ను తిట్టాలో వద్దో తెలియట్లేదక్కా."

"తిట్టు. నాకేం అభ్యంతరం లేదు."

"ఈ చెవి బాగవుతుందా?"

"చెవి డాక్టరు మూడు నెలలు చూడాలన్నాడు. నేను ముందే అవుతుందని చెప్పను. ప్రతిసారీ నేనే తీసుకెళతాను."

టైలరమ్మ చాలాసేపు పిల్ల వంక చూసింది. "ఆ మధ్యాహ్నం నువ్వు నన్ను పొగిడావు. సరైన టైముకి తెచ్చావని." గొంతు గట్టిపడింది. "ఇంకా ఎంతమంది ఉన్నారు, నాలాంటి పిచ్చివాళ్ళు?"

"రెండు వందల పన్నెండు."

"వాళ్ళకి తెలుసా?"

"ఇప్పుడు చెప్పడానికి పోతున్నాను."

టైలరమ్మ లేచి, పిల్లని చంకనెత్తుకొని, దుకాణం తలుపు దగ్గరికి లాగింది. "నువ్వొక్కదానివే పోతే సగంమంది తలుపు మొహం మీదే వేస్తారు. నేను పక్కన ఉంటే, ఈ పిల్లని చూస్తే, మాట వింటారు. నిన్ను క్షమించానని అనుకోకు. అది వేరే, ఇది వేరే."

"అనుకోను" అంది సూదమ్మ.

పదకొండు రోజులు ఇద్దరూ నడిచారు. మిల్లు గేటు దగ్గర పన్నెండున్నర బెల్లుకి నిలబడ్డారు. మార్కెట్టులో తక్కెళ్ళ పక్కన నిలబడి చెప్పారు. కొందరు తిట్టారు. బడి ఊడ్చే ఆమె చీపురు కింద పడేసి, "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?" అంది. "ఇంకా కాలని చేతులు రెండు వందలున్నాయమ్మా, వాటి కోసం" అంది సూదమ్మ. కొందరు నీళ్ళిచ్చి కూర్చోబెట్టారు. ఎక్కువమంది అడిగింది ఒకే ప్రశ్న, ఎప్పుడు తీసుకురావాలి? పొద్దునా మధ్యాహ్నమా?

"ఎప్పుడైనా తీసుకురండి. ఇప్పుడు గదే మారింది" అనేది. నిజంగానే మార్చేశారు. ఉత్తరం వైపు గది, ఐసుపెట్టె బల్ల కింద నీడలో. ఐసు గంటకోసారి చూడటం, భోజనం బెల్లుకి వచ్చేవాళ్ళ కోసం అప్పటికప్పుడు కొత్త సీసా తెరవడం. సీసాలు వృథా అవుతాయని పెద్ద డాక్టరు నసిగితే డాక్టరమ్మే జవాబు చెప్పింది. "పిల్లలు వృథా అవడం కన్నా మేలు కదా సార్."

బస్సు స్టాండు దగ్గర మెకానిక్కు ఒకతను మాత్రం మొండికేశాడు. గ్రీసు చేతులు తుడుచుకుంటూ, "ఒకసారి పనిచెయ్యని బండిని మళ్ళీ స్టార్ట్ చేస్తే పనిచేస్తుందని గ్యారంటీ ఏంటి?" అన్నాడు.

"ఎందుకు పనిచెయ్యలేదో కనుక్కొని బాగుచేస్తే చెయ్యదా? నువ్వు రోజూ చేసే పని అదేగా."

"బాగుచేశారని నేనెలా నమ్మాలి?"

"వచ్చి నువ్వే చూసుకో. పెట్టెలో చెయ్యి పెట్టు, థర్మామీటరు చదువు. నచ్చితే పిల్లోణ్ణి తే, నచ్చకపోతే తేకు."

వచ్చాడు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగించాకే దగ్గరికి రానిచ్చిందామె. వంగి థర్మామీటరు చదివాడు, మూత వేసి చూశాడు, తీసి చూశాడు. "మూత రబ్బరు కాస్త వదులైంది" అన్నాడు. సాయంత్రం కొత్త రబ్బరు తెచ్చి వేశాడు, కొడుకుని తెచ్చి సూది వేయించాడు. రబ్బరు వేశాక అడుగున ఐసు ఇంకో గంట ఎక్కువ నిలిచింది.

రెండు వందల పన్నెండులో రెండు వందల ఎనిమిదిమంది వచ్చారు. మిగిలిన నలుగురూ ఊరు మారిపోయారు. వాళ్ళ కొత్త చిరునామాలు పట్టుకొని, అక్కడి నర్సులకి ఫోన్లు చేసి వేయించేదాకా సూదమ్మ ఊరుకోలేదు.

తట్టు అంత తేలిగ్గా పోలేదు. ఆ తరవాత కూడా తొమ్మిదిమందికి వచ్చింది, అప్పటికే లోపల సోకి ఉన్నవాళ్ళు. జబ్బు పడ్డ అందరికీ విటమిన్ ఎ చుక్కలు వెయ్యడం, కళ్ళు కడగడం, ఊపిరి లెక్కపెట్టడం, పగలంతా అదే పని. ఒక్క ప్రాణం పోలేదు. ఆఖరి పిల్లకి దద్దుర్లు కనపడిన రోజు నుంచి నలభై రెండు రోజులు గడిచి, కొత్తగా ఎవరికీ రాకపోతే, తట్టు పోయినట్టు లెక్క. నలభై రెండో రోజు సాయంత్రం డాక్టరమ్మ ఫోన్ చేసి, "అయిపోయింది సిస్టర్" అంది. ఆ సమయంలో సూదమ్మ చెవి డాక్టరు గది బయట బెంచీ మీద టైలరమ్మ పక్కన కూర్చొని ఉంది. చీము ఆగింది. వినికిడి సగం పైన తిరిగొచ్చింది, మిగతాది రాకపోవచ్చన్నాడు డాక్టరు. తిరిగి వచ్చేటప్పుడు పిల్ల నిద్రపోతే, టైలరమ్మ తానెత్తుకోకుండా సూదమ్మ భుజానికి అందించింది.

డాక్టరమ్మ ఇదంతా ఒక వ్యాసంగా రాసింది. రాసినవాళ్ళ పేర్లలో తన పేరు తరవాత సూదమ్మ అసలు పేరు పెట్టింది. పై ఆఫీసులో ఎవరో, నర్సు పేరు వ్యాసంలో ఎందుకు అని అడిగారట. ఉష్ణోగ్రతలు కొలిచింది ఎవరు, రక్తం తీసింది ఎవరు, రెండేళ్ళ టైములు రాసింది ఎవరు అని డాక్టరమ్మ ఎదురడిగితే, మళ్ళీ ఎవరూ అడగలేదు. తరవాతి ఏడాది చుట్టుపక్కల కేంద్రాలన్నింటికీ వచ్చిన కొత్త రిజిస్టర్లలో, సూది వేసిన టైముకి ఒక గడి అచ్చయి వచ్చింది.

ఆ గడి ఎందుకో చెప్పమని వందమంది నర్సుల శిక్షణకి సూదమ్మని పిలిచారు. మైకు ముందు నిలబడి, కాగితం చూడకుండా, కిటికీ ఎంచుకున్నది తనే అన్న దగ్గర మొదలుపెట్టి, మెకానిక్కు రబ్బరు దాకా చెప్పింది. చెప్పడం అయ్యాక వెనక వరసలోంచి తన వయసున్న నర్సు ఒకామె లేచింది.

"మా గదికి అసలు కిటికీయే లేదండి. మేం ఇవన్నీ రాసుకోవడం ఎందుకు?"

"కిటికీ లేకపోతే మంచిదే" అంది సూదమ్మ. "మీ ఫ్రిజ్ ఎక్కడుంది?"

"లోపల. జనరేటరు గదికి ఆనుకొని."

"గోడ అవతల జనరేటరు, గోడ ఇవతల ఫ్రిజ్. అంతేనా?"

ఆమె అవునంటూ తలూపింది. ఊపుతూ ఊపుతూ మధ్యలో ఆగింది. పక్కనున్న ఇద్దరు ముగ్గురు ఆమె వైపు తిరిగి చూశారు.

"రేపు పోయి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి" అంది సూదమ్మ. "వేడిగా ఉంటే నాకు ఫోన్ చెయ్యండి. ఏం చెయ్యాలో ఇద్దరం చూద్దాం."

ఆ నర్సు కూర్చొని, సంచిలో పెన్ను వెతుక్కొని, నంబరు చెప్పమంది.